ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స తర్వాత మూత్ర సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ గాని రేడియేషన్ గాని అయినవారికి కటి కండరాల వ్యాయామాలు నేర్పడం నా పని. ఓపీ గదిలో కూర్చున్నంతసేపూ స్కాన్ గురించి, పీఎస్ఏ అనే రక్తపరీక్ష గురించి, మందుల ఖర్చు గురించి అన్నీ అడిగి, లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంటుంది. ఆ తలుపు దగ్గరి ప్రశ్నలే ఇవి. మళ్లీ మళ్లీ అవే వస్తున్నందువల్ల, అడిగినవారి మాటల్లోనే, చికిత్స దశలవారీగా రాసిపెట్టాను. ఎవరి దశకు చెందినవి వారు నేరుగా చదువుకోవచ్చు. మందుల మోతాదు, ఆపరేషన్ నిర్ణయం మాత్రం మీ కేసు షీటు చూసిన డాక్టరువే.

## చికిత్సకు ముందు

ప్రోస్టేట్ తీసేస్తే మూత్రం ఎందుకు కారుతుంది? ఆ గ్రంథికీ మూత్రానికీ సంబంధం ఏమిటి?

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి దిగువన, మూత్రమార్గం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. మగవారిలో మూత్రాన్ని ఆపే ఏర్పాట్లు రెండు: మూత్రాశయం మెడ దగ్గర మన ప్రమేయం లేకుండానే బిగిసి ఉండేది ఒకటి, ప్రోస్టేట్‌కు కింద మనం కావాలని బిగించగలిగేది మరొకటి. గ్రంథిని పూర్తిగా తొలగించినప్పుడు మొదటి దాని పని చాలావరకు పోతుంది. మూత్రాశయాన్ని కిందికి దించి మూత్రమార్గం కొసకు కుట్టి కలుపుతారు. అంతవరకు ఇద్దరు కాసిన గేటును ఆ తర్వాత ఒక్కరే కాయాలి, ఆ ఒక్కరూ ఆపరేషన్ తాకిడికి కొంత నలిగి ఉంటారు. పొట్ట కోసి చేసినా రోబో సాయంతో చేసినా శరీర నిర్మాణం ఇదే కాబట్టి, రోబోతో చేయించుకుంటే అసలు లీకే ఉండదన్న మాటను నమ్మవద్దు.

మూత్రం విషయంలో ఆపరేషన్ మంచిదా, రేడియేషన్ మంచిదా?

రెండింటి ఇబ్బందులూ వేరు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, చికిత్స లేకుండా గమనించడం అనే మూడు బృందాలుగా విభజించి ఏళ్ల తరబడి చూశారు. ఆరు నెలలప్పటికి ప్యాడ్ వాడుతున్నవారు ఆపరేషన్ బృందంలో 46 శాతం, రేడియేషన్ బృందంలో 5 శాతం. ఆరేళ్లకు ఆ అంకెలు 17 శాతానికీ 4 శాతానికీ వచ్చాయి. ఇంతవరకు చూసి రేడియేషనే నయమని తేల్చేయకూడదు: రేడియేషన్ తీసుకున్నవారిలో మొదటి నెలల్లో మంట, పదే పదే వెళ్లాల్సి రావడం, రాత్రిళ్లు లేవడం ఎక్కువగా ఉంటాయి, కొద్దిమందికి ఏళ్ల తర్వాత మూత్రంలో రక్తం పడుతుంది. ప్రోస్టేట్ బాగా పెరిగి ఇప్పటికే ధార సన్నబడినవారికి ఆపరేషన్‌తో ఆ అడ్డు తొలగిపోతుంది. అలాంటివారికి రేడియేషన్ గింజలు గ్రంథిలోనే అమర్చే బ్రాకీథెరపీ వల్ల వాపు వచ్చి మూత్రం బిగిసిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి డాక్టరును “ఏది మంచిది” అని కాకుండా, “ఇప్పుడు నాకున్న మూత్ర ఇబ్బందిని బట్టి నాకు ఏది సరిపోతుంది” అని అడగండి.

ఆపరేషన్‌కు ఇంకా నెల ఉంది. వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టాలా?

మొదలుపెట్టాలి. ఏ కండరాన్ని బిగించాలో నొప్పి, కుట్లు, గొట్టం లేని రోజుల్లో తెలుసుకోవడం చాలా తేలిక. ఆపరేషన్ తర్వాత ఆ ప్రాంతం కొంతకాలం మొద్దుబారినట్టు ఉంటుంది కనుక, అప్పుడు వెతుక్కోవడం కష్టమవుతుంది. ఈ నెలలోనే మలబద్ధకాన్ని సరిచేసుకోవడం, పొగ మానేయడం, పొట్ట ఉంటే కాస్త తగ్గించడం కూడా లెక్కలోకి వస్తాయి. పొగ వల్ల వచ్చే దగ్గు ఒక్కటే చాలు, రోజంతా తడుపుతుంది.

## గొట్టం ఉన్న రోజులు

క్యాథెటర్ (మూత్రం బయటికి తెచ్చే గొట్టం) ఎన్ని రోజులు ఉంచుతారు? ఇంట్లో ఏం చూసుకోవాలి?

మూత్రాశయాన్నీ మూత్రమార్గాన్నీ కలిపిన కుట్టు మానేవరకు, సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాలు ఉంచుతారు. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. మంచం మీద పక్కన పెట్టుకుంటే సంచిలోని మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. నేలకు తగలనివ్వకుండా మంచం పట్టెకు తగిలించండి. గొట్టాన్ని తొడకు ప్లాస్టరుతో అంటించి ఉంచితే నడిచేటప్పుడు లాగదు. అంగం కొసను రోజుకు రెండుసార్లు సబ్బు నీటితో శుభ్రం చేస్తే చాలు, డెట్టాల్ అవసరం లేదు. గొట్టం ఉన్నన్నాళ్లూ కటి కండరాల వ్యాయామం చేయవద్దు. గొట్టం పొరపాటున ఊడివస్తే ఇంటి దగ్గర నర్సు చేత మళ్లీ వేయించుకోవద్దు. కొత్త కుట్టు చిరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి.

గొట్టం ఉండగానే పక్కల నుంచి మూత్రం కారుతోంది, ఉన్నట్టుండి ఒంటికి వచ్చినట్టు పొత్తికడుపు పట్టేస్తోంది. ఎందుకని?

లోపల గొట్టం కొసనున్న బెలూన్ తగిలినప్పుడు మూత్రాశయం దాన్ని బయటికి నెట్టాలని ముడుచుకుంటుంది. ఆ ముడుపులో కొంత మూత్రం గొట్టం పక్కగా వస్తుంది. విరేచనానికి ముక్కినప్పుడు ఇది ఎక్కువ. సంచిలోకి మూత్రం మామూలుగా దిగుతూ ఉంటే కంగారు లేదు, ముడుపులు తగ్గించే మాత్ర డాక్టరు ఇస్తారు. సంచిలోకి ఏమీ దిగకుండా పొత్తికడుపు ఉబ్బుతూ ఉంటే మాత్రం ముందు గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. అది కాకపోతే రక్తపు గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సంచిలో మూత్రం ఎర్రగా కనిపిస్తోంది.

గులాబీ రంగు, లేత ఎరుపు మామూలే, నడిచిన తర్వాత కాస్త చిక్కబడుతుంది, నీళ్లు తాగితే పలచబడుతుంది. టమాటా రసంలా చిక్కగా ఉన్నా, గడ్డలు కనిపించినా ఫోన్ చేయాల్సిందే.

## గొట్టం తీసిన తర్వాత

గొట్టం తీసిన రోజే కుళాయి విప్పినట్టు కారిపోయింది. ఆపరేషన్ చెడిపోయిందా?

లేదు. తొలి రోజుల్లో ఆపడం దాదాపు ఎవరి చేతిలోనూ ఉండదు. వారం పది రోజులు గొట్టం మీదుగా దానంతటదే ఖాళీ అవుతూ వచ్చిన మూత్రాశయం నిండడం మరిచిపోయి ఉంటుంది, బిగించే కండరం అలసి ఉంటుంది. గొట్టం తీయించుకోవడానికి వెళ్లేటప్పుడే రెండు ప్యాడ్లు, బిగుతైన లోదుస్తు, ఒక జత బట్టలు తీసుకెళ్లమని నేను అందరికీ చెబుతాను, ఆటోలో తడిసి ఇంటికి చేరిన ఆ మొదటి అరగంటే చాలామందిని కుంగదీస్తుంది కాబట్టి. ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో గణనీయంగా తగ్గుతుంది, ఏడాది దాకా మెరుగుపడుతూనే ఉంటుంది. కొంతమందికి దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు కొన్ని చుక్కలు అలాగే మిగులుతాయి. తొలి ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకండి, స్కూటరు, సైకిలు నడపకండి.

రాత్రి పొడిగానే ఉంటున్నాను, పగలు, అందులోనూ సాయంత్రాలు ఎక్కువగా కారుతోంది. ఇదేం విచిత్రం?

విచిత్రం కాదు, శుభసూచకం. పడుకున్నప్పుడు మూత్రాశయం బరువు కిందికి పడదు కాబట్టి అలసిన కండరమైనా ఆపగలుగుతుంది. మెరుగుదల సాధారణంగా ఈ వరుసలోనే వస్తుంది: ముందు రాత్రి పొడిగా ఉంటుంది, తర్వాత ఉదయం, ఆ తర్వాత కూర్చున్నప్పుడు, చివరికి నడకలో, దగ్గులో. సాయంత్రానికి కండరం అలసిపోయి లీకు పెరుగుతుంది. మధ్యాహ్నం ఒక అరగంట నడుం వాల్చితే తేడా తెలుస్తుంది.

కెగెల్ వ్యాయామం చేస్తూనే ఉన్నాను, ఫలితం లేదు. అసలు సరిగ్గా చేయడం ఎలా?

కటి కండరాల ఈ వ్యాయామానికి అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరు వచ్చింది. ప్రసవం తర్వాత స్త్రీల కోసం ఆయన 1948లో దీన్ని ప్రచురించారు. మగవారికీ అదే కండరం, అదే సూత్రం. నా దగ్గరికి “చేస్తూనే ఉన్నాను” అంటూ వచ్చేవారిలో చాలామంది నిజానికి పిరుదులు బిగిస్తూ ఉంటారు, లేదా ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతూ ఉంటారు. ముక్కడం అంటే లీకును పెంచే పనిని శ్రద్ధగా సాధన చేయడమే.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ధార మధ్యలో ఆపాలనుకున్నట్టు, అంగం మొదలును లోపలికి లాక్కున్నట్టు బిగించండి. అద్దం ముందు నిలబడి చేస్తే అంగం మొదలు కాస్త లోపలికి పోవడం, వృషణాలు కొద్దిగా పైకి లేవడం కనిపించాలి. పొట్ట మీద ఒక చేయి, పిరుదు మీద ఒక చేయి ఉంచుకోండి. ఆ రెండు చేతుల కిందా ఏ కదలికా తెలియకూడదు. పైకి ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగబట్టడం కుదరదు. అయిదు సెకన్లు పట్టి, అయిదు సెకన్లు పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామంలో సగం. పదిసార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు: ఉదయం కాఫీకి ముందు, మధ్యాహ్నం కునుకుకు ముందు, రాత్రి వార్తలప్పుడు అని పెట్టుకుంటే మరిచిపోరు. పట్టు దొరికేకొద్దీ అయిదు సెకన్లను పదికి పెంచండి, చివర్లో అయిదారు చురుకైన బిగింపులు కలపండి. పడుకుని వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయాలి, ఎందుకంటే మీకు లీకయ్యేది నిలబడినప్పుడే.

అన్నింటికంటే ఉపయోగపడేది ముందస్తు బిగింపు. దగ్గు వస్తోందని తెలియగానే, బకెట్ ఎత్తబోయే ముందు, ముఖ్యంగా నేల మీద భోజనానికి కూర్చుని లేచే ముందు, బిగించి అప్పుడు కదలండి. మూత్రం పోసే ప్రతిసారీ ధారను ఆపుతూ సాధన చేయవద్దు; మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. రోజుకు వందల సార్లు చేసినా కండరం అలసి లీకు ఎక్కువవుతుంది. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

నీళ్లు తాగడం తగ్గించేశాను. అది సరైన పనే కదా?

కాదు, అందరూ చేసే పొరపాటు ఇదే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయం గోడను రేపుతుంది, కొంచెం నిండగానే వెళ్లాలనిపిస్తుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది. ముక్కినప్పుడల్లా మళ్లీ తడుస్తారు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండి రోజుకు నాలుగు గ్లాసులతో సరిపెట్టుకునేవారికి లీకు తగ్గడం మాట అటుంచి, కళ్లు తిరిగి పడిపోవడం ఖాయం. మామూలు రోజుల్లో ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగాలి; మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీటికి పరిమితి పెట్టినవారు ఆ పరిమితినే పాటించాలి.

తగ్గించాల్సింది నీళ్లను కాదు, కాఫీ, టీ, మద్యం, సోడాలను. మజ్జిగతో ఇబ్బంది లేదు. రోజు నీళ్లలో ఎక్కువ భాగం సాయంత్రం ఏడు లోపు తాగేయండి. షుగరు అదుపులో లేకపోతే మూత్రమే ఎక్కువ తయారవుతుంది. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలూ, బీపీకి లేదా కాళ్ల వాపుకు ఇచ్చే నీటి మాత్రలూ మూత్రాన్ని పెంచుతాయి; వాటిని మీ అంతట మీరు ఆపకుండా, వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగండి.

ప్యాడ్ వాడాలా, డైపర్ వాడాలా? తొడల మధ్య ఒరుసుకుపోయి మండుతోంది.

ధారగా కారే తొలి వారాల్లో పెద్దల డైపరు, ఆ తర్వాత మగవారి కోసం ముందు వైపు వెడల్పుగా చేసిన ప్యాడ్ సరిపోతాయి. అవి దొరకని ఊళ్లలో స్త్రీల శానిటరీ ప్యాడ్లు వాడేవారున్నారు. చుక్కలకు పనికొస్తాయి గాని, ధారను పీల్చుకునేలా అవి తయారు కావు. ప్యాడ్ ఏదైనా వదులు డ్రాయరులో నిలవదు, బిగుతైన లోదుస్తు కావాలి. ఖర్చుకు జంకి ఒకే ప్యాడ్‌ను పగలంతా ఉంచుకోవడం వల్లే చర్మం ఒరుసుకుపోతుంది. మార్చిన ప్రతిసారీ మామూలు నీటితో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, పలుచగా జింక్ ఆక్సైడ్ క్రీము గాని వాజిలిన్ గాని రాయండి. మందంగా పూస్తే అది ప్యాడ్‌కు అంటుకుని మూత్రాన్ని పీల్చనివ్వదు. పౌడరు వద్దు, తడికి ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది. అంచుల్లో ఎర్రటి పొక్కులతో దురద ఉంటే అది ఫంగస్, దానికి వేరే మందు కావాలి.

డాక్టరు “ఎంత లీకవుతోంది” అని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

రోజుకు మూడు ప్యాడ్లు అనే లెక్క పెద్దగా చెప్పదు. ఒకరు చుక్క పడగానే మారుస్తారు, మరొకరు బరువుకు జారేదాకా ఉంచుతారు. వంటింట్లో కూరగాయలు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే చాలు. పొడి ప్యాడ్‌ను ఒకసారి తూచి రాసుకోండి. ఇరవై నాలుగు గంటల్లో తీసిన ప్రతి ప్యాడ్‌నూ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి తూచి, పొడి బరువు తీసేయండి. ఒక గ్రాము అంటే దాదాపు ఒక మిల్లీలీటరు. దానికి తోడు మూడు రోజులు ఏ వేళకు ఎంత తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఏం చేస్తుండగా తడిశారు అని ఒక నోటుబుక్కులో రాయండి. దగ్గుకు తడిసిందా, అవసరం అనిపించి చేరేలోపే తడిసిందా, ఏమీ తెలియకుండానే చుక్కలుగా కారిందా అన్న ఆ చివరి గడే డాక్టరుకు అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే ఈ మూడింటికీ చికిత్సలు వేరు.

మూత్రం పోసి వచ్చిన నిమిషానికి మళ్లీ లుంగీ తడుస్తోంది.

ఇది అసలు లీకు కాకపోవచ్చు. మూత్రమార్గం వంపులో మిగిలిన కొన్ని చుక్కలు నడకలో బయటికి వస్తాయి. పోయడం అయ్యాక వృషణాల వెనక రెండు వేళ్లు ఆనించి, మెల్లగా నొక్కుతూ ముందుకు తెచ్చి వదిలితే మిగిలింది వచ్చేస్తుంది. హడావుడిగా లేవకుండా మరో అరనిమిషం ఆగితే ఇంకా మంచిది.

పెళ్లిళ్లకు, బస్సు ప్రయాణాలకు వెళ్లడం మానేశాను. వెళ్లే దారి ఉందా?

బయలుదేరే ముందు ఖాళీ చేసుకుని కొత్త ప్యాడ్ పెట్టుకోండి. బస్సులో నడవ పక్క సీటు, రైలులో కింది బెర్తు అడగండి. చేతి సంచిలో రెండు ప్యాడ్లు, వాడినవి వేయడానికి జిప్ కవర్లు, ఒక ముదురు రంగు ప్యాంటు ఉంచుకోండి. పెళ్లికి తెల్ల పంచె కట్టుకోవాల్సిందే అంటే లోపల బిగుతైన లోదుస్తు, దాని మీద మోకాళ్ల దాకా ఉండే ముదురు షార్టు వేసుకుని పంచె కట్టండి. ఎక్కడికి వెళ్లినా ముందుజాగ్రత్తగా అరగంటకోసారి బాత్రూముకు వెళ్లడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. మూత్రాశయం ఆ కొంచానికే అలవాటుపడుతుంది.

పూజకు కూర్చోవచ్చా? మడి చెడుతుంది కదా?

ఇది వైద్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, అయినా ఎంతోమంది అడుగుతారు. స్నానం చేసి కొత్త ప్యాడ్ పెట్టుకుని కూర్చుంటే శరీరానికి ఏ అభ్యంతరమూ లేదు. తాము నమ్మే పురోహితుణ్ణి ఒక్క మాట అడిగినవారెవరూ నిరాశతో తిరిగి రాలేదని నా అనుభవం. ముస్లింలలో ఆగకుండా కారే జబ్బు ఉన్నవారు ప్రతి నమాజు వేళకూ కొత్తగా వజూ (ప్రార్థనకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కునే శుద్ధి) చేసుకుని చదువుకోవచ్చన్న సడలింపు ధర్మశాస్త్రంలోనే ఉంది.

## రేడియేషన్ సమయంలో, ఆ తర్వాత

రేడియేషన్ మూడో వారం నుంచి మంట, గంటకోసారి వెళ్లాల్సి వస్తోంది. ఆపేయాలా?

ఆపకూడదు. కిరణాలకు మూత్రాశయం మెడ, మూత్రమార్గం లోపలి పొర కందిపోవడం వల్ల రెండు మూడు వారాలకు ఇది మొదలై, చికిత్స ముగిశాక కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో చాలామందికి సర్దుకుంటుంది. ముందు మూత్ర పరీక్ష చేయించి ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. మందుల షాపులో ఇచ్చే మంట సిరప్ ఉపశమనం ఇస్తుందే గాని ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. ధార సన్నబడితే టామ్సులోసిన్ రకం మాత్ర ఇస్తారు. అది వేసుకున్నప్పుడు మంచం మీద నుంచి చప్పున లేస్తే కళ్లు తిరుగుతాయి, కాబట్టి ఒక నిమిషం కూర్చుని లేవండి. కంటి శుక్లం ఆపరేషన్ చేయించుకోబోతుంటే ఈ మాత్ర వాడుతున్నట్టు, లేదా గతంలో వాడినట్టు, కంటి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆపరేషన్‌లో కంటి నల్లగుడ్డు పొర వదులై ఇబ్బంది పెడుతుంది. మంటకు భయపడి నీళ్లు మానేసి, రేడియేషన్ బల్ల ఎక్కే వేళకు మూత్రాశయం నింపుకోకుండా వెళ్లేవారున్నారు. నింపుకుని రమ్మన్నది మూత్రాశయంలో ఎక్కువ భాగాన్ని, పేగులను కిరణాల దారి నుంచి తప్పించడానికే.

అవసరం అనిపించిందంటే ఇక ఆగదు. తాళం తీస్తుండగానే కారిపోతుంది. దీనికి మందు ఉందా?

మూత్రాశయం నిండకముందే దానంతటది ముడుచుకోవడం దీనికి కారణం. అవసరం అనిపించగానే పరుగెత్తకండి. అక్కడే ఆగి, కటి కండరాలను నాలుగైదు సార్లు చురుగ్గా బిగించి, ఆ ఉధృతి తగ్గాక నడవండి. గంటకోసారి వెళ్తున్నవారు వారానికి పదిహేను నిమిషాల చొప్పున వ్యవధి పెంచుకుంటూ రెండున్నర, మూడు గంటలకు తేవాలి. మందులు రెండు రకాలు. సోలిఫెనాసిన్, ఆక్సిబ్యుటినిన్ వంటివి నోరు ఎండగడతాయి, మలబద్ధకం తెస్తాయి, పెద్ద వయసువారిలో మతిమరుపును, తికమకను పెంచవచ్చు, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా జబ్బు కొన్ని రకాల్లో వాడకూడదు. మిరాబెగ్రాన్‌కు ఈ బాధలు తక్కువ, బీపీ మాత్రం చూసుకుంటూ ఉండాలి. ఏ మందు మొదలుపెట్టేముందైనా మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగులుతోందో అల్ట్రాసౌండ్‌తో చూడటం మంచిది.

రేడియేషన్ అయి మూడేళ్లయింది. అంతా బాగుందనుకుంటుండగా మూత్రంలో రక్తం పడింది.

కిరణాల ప్రభావంతో మూత్రాశయం గోడలోని చిన్న రక్తనాళాలు బలహీనపడి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా చిట్లుతాయి. అయితే అదే అయి ఉంటుందని ఇంట్లో తేల్చుకోకూడదు. ఇన్ఫెక్షన్, రాయి, మూత్రాశయంలో కొత్తగా పుట్టిన కణితి కూడా ఇలాగే కనిపిస్తాయి. ఒక్కసారి పడి ఆగిపోయినా సరే, మూత్ర పరీక్ష, స్కాన్, లోపలికి కెమెరా పంపి చూసే సిస్టోస్కోపీ చేయించాలి. రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపవద్దు. గడ్డలుంటే కడిగి తీస్తారు, కారే చోటును కాల్చి ఆపుతారు. మళ్లీ మళ్లీ వస్తుంటే పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఉంది.

## నెలలు గడిచాక

మూడు నెలలు బాగానే ఉండి, ఇప్పుడు ధార దారంలా వస్తోంది, మళ్లీ చుక్కలు కారుతున్నాయి.

కుట్టు వేసిన చోట మచ్చకట్టి దారి ఇరుకైతే ఇలా ఉంటుంది. మూత్రం పూర్తిగా దిగక, నిండిన కుండ పొర్లినట్టు చుక్కలు పడతాయి. దీన్ని మామూలు లీకు అనుకుని ఇంకా గట్టిగా వ్యాయామం చేయడం, ఆపే మాత్రలు వేసుకోవడం హానికరం. ధార వేగం కొలిచే పరీక్ష, మిగులు మూత్రం స్కాన్, సిస్టోస్కోపీలతో తెలిసిపోతుంది. ఇరుకును సాగదీసి గాని, లోపలి నుంచి కోసి గాని వెడల్పు చేస్తారు. మళ్లీ ముడుచుకునే గుణం ఉన్నందువల్ల ఆ తర్వాత కూడా ధారను గమనించుకుంటూ ఉండాలి.

ఏడాదైనా రోజుకు నాలుగు ప్యాడ్లు తడుస్తున్నాయి. ఇక జీవితాంతం ఇంతేనా?

ఇంతే అని ఎవరైనా చెబితే ఇంకో డాక్టరును కలవండి. ఆరు నెలల శ్రద్ధగల వ్యాయామం తర్వాత కూడా బాగా ఇబ్బందిగా ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, ఏడాది దాటితే తప్పక మాట్లాడాలి. లీకు తక్కువ నుంచి మధ్యస్థంగా ఉండి, రేడియేషన్ తీసుకోనివారికి మూత్రమార్గం కింద పట్టీ అమర్చే స్లింగ్ పనికొస్తుంది. ఎక్కువగా కారేవారికి, రేడియేషన్ అయినవారికి కృత్రిమ స్ఫింక్టర్ మెరుగైనది.

అది మూడు భాగాల పరికరం, పూర్తిగా శరీరం లోపలే ఉంటుంది. మూత్రమార్గం చుట్టూ నీటితో నిండి బిగించే ఒక పట్టా, పొత్తికడుపులో ఒక చిన్న బెలూన్, వృషణాల సంచిలో ఒక పంపు. ఒంటికి వెళ్లాలనుకున్నప్పుడు వేళ్లతో ఆ పంపును నొక్కితే పట్టాలోని నీరు బెలూన్‌లోకి పోయి దారి తెరుచుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే మూసుకుంటుంది. అమర్చిన వెంటనే పనిచేయించరు, పుండు మానేందుకు సుమారు ఆరు వారాలు ఆగుతారు. పంపు నొక్కే చేతి పట్టు, నేర్చుకునే ఓపిక ఉండాలి, కాబట్టి చేతులు బాగా వణికేవారికి ఇది సరిపడకపోవచ్చు. ఇన్ఫెక్షన్ రావడం, పట్టా మూత్రమార్గాన్ని ఒరుసుకుపోవడం, ఏళ్లు గడిచాక పరికరం అరిగి మార్చాల్సి రావడం ఉన్నాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఇవన్నీ విన్న తర్వాత కూడా, ఆరేడు ప్యాడ్ల నుంచి ఒక పలుచని ప్యాడ్‌కు వచ్చినవారిలో తిరిగి ఉదయపు నడకకు వెళ్తున్నవారిని చూశాను కనుక, అడగడానికి సంకోచించవద్దనే చెబుతాను.

క్లిప్పులాంటిది పెట్టుకుంటే ఆగుతుందట. వాడవచ్చా?

అంగానికి పెట్టే క్లాంపు ఒక ఫంక్షనుకో ప్రయాణానికో కొద్దిసేపు వాడుకోవడానికి మాత్రమే. గంట, రెండు గంటలకోసారి తీయాలి, నిద్రలో అసలు వాడకూడదు. స్పర్శ తగ్గిన షుగరు రోగులు, మతిమరుపు ఉన్నవారు వాడితే పుండ్లు పడతాయి. కండోమ్ క్యాథెటర్‌కు కాలి సంచి కలుపుకుంటే పొలం పనికి, దూర ప్రయాణానికి సౌకర్యం. సైజు సరిపోకపోతే జారిపోతుంది కాబట్టి కొలత చూసి తీసుకోండి, రోజూ మార్చి కడుక్కోండి.

భార్యతో కలిసినప్పుడు మూత్రం వస్తోంది. సిగ్గుతో దూరంగా ఉంటున్నాను.

ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి జరుగుతుంది, కాలక్రమంలో తగ్గుతుంది. ఆమెకు దీనివల్ల హాని లేదు. ముందుగా మూత్రాశయం ఖాళీ చేసుకోవడం, కండోమ్ వాడటం, దగ్గర ఒక తువాలు ఉంచుకోవడం చాలు. దూరంగా ఉండటానికి కారణం చెప్పకపోతే ఆమె ఇంకేదో అనుకుంటుంది.

మళ్లీ లీకు మొదలైంది. క్యాన్సర్ తిరగబెట్టిందా?

లీకు పెరగడం దానంతటదే క్యాన్సర్ గుర్తు కాదు. ఇన్ఫెక్షన్, దగ్గు, బరువు పెరగడం, షుగరు, మలబద్ధకం ముందు చూడాలి. క్యాన్సర్ సంగతి చెప్పేది పీఎస్ఏ. గ్రంథిని తీసినవారిలో అది దాదాపు సున్నాకు చేరాలి. వరుసగా రెండుసార్లు 0.2 లేదా అంతకు మించితే తిరగబెట్టినట్టు భావిస్తారు. రేడియేషన్ అయినవారిలో చేరిన కనిష్ఠానికి 2 కలిపిన అంకెను హద్దుగా తీసుకుంటారు. గ్రంథి ఉన్నవారిలో మూత్ర ఇన్ఫెక్షన్ వల్ల కూడా పీఎస్ఏ పెరుగుతుంది, కాబట్టి ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తవద్దు.

## ఇంట్లోవారు అడిగేవి

నాన్నగారు ఏమీ చెప్పరు. ఆయనకు ఇబ్బంది ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నోటితో చెప్పకపోయినా అలవాట్లు చెబుతాయి. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే తన లుంగీ తానే ఉతుక్కోవడం, సోఫా వదిలి ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోవడం, సాయంత్రం రచ్చబండ దగ్గరికి వెళ్లడం మానేయడం, మనవడిని ఒళ్లోకి ఎత్తుకోకపోవడం. అందరి ముందూ “నాన్నా, తడుస్తోందా” అని అడగకండి. కొడుకో అల్లుడో ఒంటరిగా ఉన్నప్పుడు, ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇలా ఉంటుందట, డాక్టరు అడగమన్నారు అని మొదలుపెడితే మాట కదులుతుంది. ప్యాడ్ల ప్యాకెట్ ఆయన అలమరలో పెట్టండి, మూత వేసే చెత్తబుట్ట బాత్రూములో ఉంచండి. రాత్రి బాత్రూము దారిలో చిన్న దీపం, మంచం పక్కన మూత్రం సీసా ఉంటే చీకట్లో పడి తుంటి విరగకుండా ఉంటుంది. వారాల తరబడి ముభావంగా ఉంటే, తిండి తగ్గితే, అది కుంగుబాటు కావచ్చు. దానికీ చికిత్స ఉంది.

ఏం జరిగితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి?

పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉండి మూత్రం అసలు రాకపోతే, వణుకుతో జ్వరం వస్తే, మూత్రంలో రక్తపు గడ్డలు పడితే ఆగకూడదు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవారిలో కొత్తగా నడుము నొప్పి, కాళ్లలో బలహీనత లేదా తిమ్మిరి, వాటితోపాటు మూత్రం బిగిసిపోవడం లేదా తెలియకుండా కారడం మొదలైతే వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు. గంటలు గడిచేకొద్దీ నడక తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. కృత్రిమ స్ఫింక్టర్ ఉన్న వ్యక్తిని ఏ కారణంతో ఆసుపత్రికి తీసుకెళ్లినా, క్యాథెటర్ వేసేముందు ఆ పరికరాన్ని తెరిచి ఉంచాలని అక్కడి సిబ్బందికి ముందే చెప్పాలి, ఆయన స్పృహలో లేకపోవచ్చు కనుక ఆ సంగతి రాసిన కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.